పాపిట వెడల్పయ్యే ఆడవాళ్లు నూటికి ఎందరు?

షాంఘైలో నూటికి ముగ్గురు. చైనాలోని ఆరు నగరాల్లో చేసిన సర్వే ప్రకారం ఆరుగురు. దక్షిణ కొరియాలోనూ దాదాపు అంతే, 5.6 శాతం. అమెరికాలో వెయ్యిమందికి పైగా ఆడవాళ్లను చూసిన ఒక పరిశీలనలో 19 శాతం. ఆస్ట్రేలియాలోని మేరీబరో అనే చిన్న పట్టణంలో 80 ఏళ్లు దాటినవారిలో ఏకంగా 57 శాతం. ఈ అంకెలన్నీ ఒకే సమస్య గురించి చెప్పినవే. నడినెత్తి మీద జుట్టు ఏళ్ల తరబడి నెమ్మదిగా పలచబడి, పాపిట వెడల్పవుతూ పోయే సమస్య అది. డాక్టర్లు దీన్ని ఫీమేల్ ప్యాటర్న్ హెయిర్ లాస్ అంటారు. ఆడవాళ్లలో దీర్ఘకాలం జుట్టు పలచబడటానికి ఎక్కువగా కనిపించే కారణం ఇదే.

మూడు నుంచి 57 దాకా ఇంత తేడా ఎందుకొచ్చింది? చైనా ఆడవాళ్లకూ ఆస్ట్రేలియా ఆడవాళ్లకూ జన్యువుల్లో కొంత తేడా ఉన్నమాట నిజమే. యూరప్ మూలాలున్నవారితో పోలిస్తే తూర్పు ఆసియావారిలో ఈ సమస్య తక్కువగా, ఆలస్యంగా కనిపిస్తుంది. కానీ తేడా మొత్తాన్ని జాతి మీద తోసేస్తే అసలు సంగతి తప్పిపోతుంది. ఎవరిని లెక్కించారు, ఏ వయసులో లెక్కించారు, ఎంత పలచబడితే 'ఉంది' అని రాసుకున్నారు అన్నవి కూడా అంకెను ఎటు కావాలంటే అటు లాగగలవు.

ముందుగా వయసు సంగతి. కొరియాలో అన్ని వయసులవారినీ కలిపితే 5.6 శాతమే. అదే సర్వేలో 70 దాటినవారిని విడిగా చూస్తే 24.7 శాతం, అంటే నలుగురిలో ఒకరు. అమెరికా పరిశీలనలో ఇరవైల్లో ఉన్నవారిలో 3 శాతమే ఉన్నది, ఎనభైల్లోకి వచ్చేసరికి 30 శాతం దగ్గరికి చేరింది. బ్రిటన్‌లో 2001లో వచ్చిన అధ్యయనం ఇంకో రకంగా విలువైనది. అక్కడ వేరే చర్మ సమస్యలతో ఆసుపత్రికి వచ్చిన 377 మంది ఆడవాళ్ల తలలు చూశారు. జుట్టు గురించి ఫిర్యాదు చేస్తూ వచ్చినవాళ్లు కారు వీళ్లు. అయినా 50 ఏళ్లలోపువారిలో 6 శాతం మందికి, 70 దాటినవారిలో 38 శాతం మందికి ఈ సమస్య కనిపించింది. థాయ్‌లాండ్‌లో నెలసరి ఆగిపోయిన 178 మందిని పరీక్షిస్తే సగానికి పైగా, 52.2 శాతం మందికి ఉంది. ఆసియా ఆడవాళ్లలో తక్కువే అని ధీమాగా చెప్పేవాళ్లు ఈ థాయ్ అంకెను కూడా పక్కన పెట్టుకుని చూడాలి. యువతులు ఎక్కువగా ఉన్న గుంపులో సగటు తీస్తే చిన్న అంకె వస్తుంది. యాభై దాటినవారినే తీసుకుంటే పెద్ద అంకె వస్తుంది. రెండూ నిజమే, కాకపోతే జవాబిచ్చే ప్రశ్నలు వేరు.

అందుకే 'ఆడవాళ్లలో సగంమందికి జుట్టు పలచబడుతుంది' అనే మాట ప్రకటనల్లో కనిపించినప్పుడు కాస్త ఆగి ఆలోచించాలి. ముసలితనం దాకా బతికిన ఆడవాళ్లలో సగం మందికి ఏదో ఒక మేరకు ఈ మార్పు వస్తుందంటే నమ్మదగిన మాటే. మేరీబరో, థాయ్‌లాండ్ అంకెలు అటువైపే చూపిస్తున్నాయి. ఈ క్షణంలో పాతికేళ్ల అమ్మాయిల్లో సగం మందికి ఉందని మాత్రం ఏ సర్వే చెప్పలేదు. ఆ రెండింటినీ కలిపేసి భయపెట్టి సీసాలు అమ్మడం అన్యాయం. అలాగని ఇరవైల్లో అసలు రాదని కొట్టిపారేయడానికీ వీల్లేదు. యుక్తవయసు వచ్చిన కొన్నేళ్లకే మొదలయ్యేవారు ఉన్నారు. వాళ్లకే ఎక్కువ ఆలస్యంగా తెలుస్తుంది, ఎందుకంటే ఆ వయసులో ఇది ఉండొచ్చని ఎవరికీ తోచదు.

ఇక, ఎంత పలచబడితే లెక్కలోకి తీసుకోవాలి అన్న ప్రశ్న. మగవాళ్ల బట్టతలకు ఆకారం స్పష్టంగా ఉంటుంది. నుదుటి రెండు పక్కలా జుట్టు వెనక్కి వెళ్తుంది, మాడు మీద గుండ్రంగా ఖాళీ అవుతుంది. ఆడవాళ్లలో చాలామందికి నుదుటి దగ్గరి జుట్టు అంచు అలాగే ఉంటుంది. దాని వెనక, నడినెత్తి మొత్తం పలచబడుతుంది. జర్మన్ చర్మవైద్యుడు ఎరిక్ లుడ్విగ్ 1977లో ఈ తీరును మూడు దశలుగా వర్ణించాడు. ఆ తరవాత అమెరికా వైద్యురాలు ఎలీజ్ ఓల్సెన్ ఇంకో తీరును గుర్తించారు. పాపిట వెడల్పు మాడు దగ్గర తక్కువగా, నుదుటి వైపు వచ్చేకొద్దీ ఎక్కువగా, త్రికోణంలా కనిపిస్తుంది. మెల్‌బోర్న్‌కు చెందిన రాడ్నీ సింక్లెయిర్ బృందం పాపిట ఫొటోలను ఐదు దశలుగా పేర్చి, వచ్చిన మనిషి తన పాపిట ఏ ఫొటోలా ఉందో తనే చూపించగలిగేలా కొలతను తేలిక చేసింది. మేరీబరో సర్వే వెనక ఉన్నది కూడా ఈయనే. లుడ్విగ్ రెండో దశ వచ్చాకే లెక్కేసే వైద్యుడికీ, పాపిట కాస్త వెడల్పవగానే లెక్కేసే వైద్యుడికీ ఒకే ఊళ్లో కూడా వేర్వేరు అంకెలు వస్తాయి.

మేరీబరో సర్వేలో మగవాళ్ల అంకె కూడా చెప్పుకోవాలి. 80 దాటిన మగవాళ్లలో నడినెత్తి ముందు భాగం పలచబడినవారు 73.5 శాతం. ఆడవాళ్ల 57 శాతానికీ దానికీ మధ్య ఉన్న దూరం, సమాజం మనసులో ఉన్న దూరంతో పోలిస్తే చాలా చిన్నది. మగవాడికి బట్టతల రావడం మామూలు విషయంగా అందరూ ఒప్పేసుకున్నారు. ఆడమనిషికి వస్తే మాత్రం ఏదో తప్పు జరిగినట్టు, తిండి సరిగా తినలేదనో నూనె పెట్టలేదనో ఆమెనే నిలదీస్తారు.

ఇంత మామూలు సమస్య కళ్లకు కనిపించకపోవడానికి కారణం జుట్టులోనే ఉంది. తల మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. అందులో సగం దాకా పోయినా చూసేవాళ్లకు తేడా తెలియకపోవచ్చు. పైగా జుట్టు పొడుగు. జడ వేస్తే, కొప్పు చుడితే, పాపిట పక్కకు తీస్తే, పూలు పెడితే పలచన కప్పుకుపోతుంది. సవరం పెట్టుకోవడం మన అమ్మమ్మల కాలం నుంచీ ఉన్నదే. అది అలంకారం కోసమే అనుకుంటాం కానీ, వయసు మీద పడ్డాక సన్నబడిన జడను నిలబెట్టడానికి కూడా చాలామంది వాడేవారు. తిరుమలలో తలనీలాలు ఇచ్చి వచ్చాక కొత్త జుట్టు ఒత్తుగా వస్తుందన్న నమ్మకం కూడా ఇప్పటికీ బలంగానే ఉంది. మొక్కు వేరు, వైద్యం వేరు. గుండు చేయించుకుంటే వెంట్రుక చర్మం పైన తెగుతుంది. లోపల ఉన్న కుదురు సైజు మారదు. పెరిగేటప్పుడు చివరలు మొద్దుగా ఉంటాయి కాబట్టి కొన్నాళ్లు ఒత్తుగా అనిపిస్తుంది, అంతే.

ఆ కుదుళ్లలో ఏం జరుగుతుందో తెలిస్తే మిగతా అయోమయం చాలావరకు తీరిపోతుంది. ప్రతి వెంట్రుకకూ ఒక జీవితకాలం ఉంటుంది. రెండు నుంచి ఆరేళ్ల దాకా పెరుగుతుంది, కొద్ది వారాలు సర్దుకుంటుంది, మూడు నెలలపాటు విశ్రాంతిగా ఉండి రాలిపోతుంది. అదే కుదురు నుంచి మళ్లీ కొత్తది మొలుస్తుంది. ఎప్పుడు చూసినా నూటికి 85 నుంచి 90 వెంట్రుకలు పెరిగే దశలోనే ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్నవారికి కూడా రోజుకు 50 నుంచి 100 దాకా ఊడటం సహజం. ప్యాటర్న్ హెయిర్ లాస్‌లో పెరిగే దశ కుదించుకుపోతుంది, ఆ కుదురు కూడా ఒక్కో విడతకూ చిన్నదవుతుంది. మొదట లావుపాటి వెంట్రుక, తరవాత సన్నది, ఆ తరవాత నూగులాంటిది. నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుందనుకుంటే, ఆరేళ్లు పెరిగే వెంట్రుక 70 సెంటీమీటర్ల దాకా పోతుంది. రెండేళ్లకే రాలిపోయేది 24 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. నడుం దాకా ఉండే జడ వీపు మధ్యలో ఆగిపోవడం, చివరి పాయలు తోకలా సన్నబడటం ఇందుకే. 'జుట్టు పెరగడం లేదు' అని ఆడవాళ్లు చెప్పే మాటను డాక్టర్లు తేలిగ్గా తీసుకోకూడదు. చాలాసార్లు అదే మొదటి గుర్తు.

ఇక్కడే ఒక పెద్ద పొరపాటు జరుగుతుంటుంది. దువ్వెనకు వచ్చిన వెంట్రుకల ఉండ చూసి గుండె గుభేలుమంటుంది. నిజానికి ఉన్నట్టుండి కుచ్చులు కుచ్చులుగా ఊడటం ఎక్కువగా వేరే సమస్య వల్ల. దాని పేరు టెలోజెన్ ఎఫ్లూవియం. 1961లో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే అమెరికన్ వైద్యుడు దాన్ని వివరించాడు. కాన్పు, టైఫాయిడ్, డెంగ్యూ, కొవిడ్ లాంటి గట్టి జ్వరాలు, ఆపరేషన్, ఉన్నట్టుండి తిండి మానేసి బరువు తగ్గడం, తీవ్రమైన టెన్షన్ లాంటి దెబ్బ ఏదైనా తగిలితే చాలా వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశకు వెళ్లిపోతాయి. ఆ దశ మూడు నెలలు కదా, కాబట్టి అవి ఊడటం కూడా రెండు మూడు నెలల తరవాతే మొదలవుతుంది. అప్పటికి జ్వరం సంగతి మరిచిపోతారు. ఈలోగా ఇల్లు మారి ఉంటే, హాస్టల్లో చేరి ఉంటే, నేరం ఆ ఊరి నీళ్ల మీద పడుతుంది. 'హైదరాబాద్ నీళ్లు పడలేదు', 'బోరు నీళ్లకు ఊడిపోతోంది' అన్న మాట వినని తెలుగిల్లు ఉండదు. ఉప్పునీళ్లు జుట్టును గరుకుగా చేయగలవు, వెంట్రుక మధ్యలో తెగేలా చేయగలవు. కుదురును మాత్రం కుదించలేవు.

టెలోజెన్ ఎఫ్లూవియం భయపెడుతుంది కానీ, కారణం తొలగిపోతే సాధారణంగా ఆరు నెలల్లో తగ్గుముఖం పడుతుంది. ప్యాటర్న్ హెయిర్ లాస్ పెద్దగా భయపెట్టదు, దువ్వెనకు ఎక్కువ వెంట్రుకలు రాకపోవచ్చు కూడా. అది మాత్రం దానంతట అది ఆగదు. అందుకే చూడాల్సింది పాపిటను. ఎక్కువ ఊడుతూ ఉన్నా పాపిట వెడల్పవని ఇంకో వర్గం కూడా ఉంది. ఒత్తైన పొడుగాటి జుట్టుతో, ముప్పై నుంచి అరవై ఏళ్ల మధ్య ఉన్న ఆడవాళ్లలో ఏళ్ల తరబడి ఊడుతూనే ఉండే తీరును డల్లాస్ వైద్యుడు డేవిడ్ వైటింగ్ 1996లో వివరించాడు. వాళ్లకు బట్టతల రాదన్న భరోసా ఇవ్వడమే పెద్ద వైద్యం. మూడింటినీ 'హెయిర్ ఫాల్' అనే ఒకే మాటలో కుక్కేయడం వల్ల, ధైర్యం చెప్పాల్సినవారికి మందులు, మందులివ్వాల్సినవారికి ధైర్యం అందుతున్నాయి. పేనుకొరుకుడు వీటికి పూర్తిగా వేరు. అందులో నాణెమంత మేర నున్నగా ఖాళీ అవుతుంది. చర్మవైద్యులు డెర్మోస్కోప్‌తో నడినెత్తిని పెద్దది చేసి చూస్తే, లావు వెంట్రుకల పక్కనే సన్నవి కలగలిసి కనిపిస్తే అది ప్యాటర్న్ హెయిర్ లాస్ అని తేల్చగలరు. పెద్దగా ఖర్చూ నొప్పీ లేని పరీక్ష అది.

రక్తహీనత విషయంలో తెలుగు రాష్ట్రాలు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఐరన్ తక్కువైతే జుట్టు ఎక్కువగా ఊడొచ్చు. కాబట్టి జుట్టు ఊడుతోందని వచ్చిన ఆడమనిషికి హీమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్ పరీక్షలు చేయించడం సబబే. చిక్కు ఎక్కడంటే, సగానికి పైగా ఆడవాళ్లకు రక్తం తక్కువగా ఉన్నచోట ఆ పరీక్ష చేస్తే చాలాసార్లు ఏదో ఒక లోపం దొరుకుతుంది. కారణం దొరికిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఐరన్ మాత్రలు వాడితే ఊడటం తగ్గుతుంది, పాపిట మాత్రం వెడల్పుగానే ఉంటుంది. ఒకే తల మీద రెండు సమస్యలూ ఉండగలవు. ఒకటి దొరికింది కదా అని రెండోదాన్ని వెతకడం మానేస్తే రెండేళ్లు వృథా అవుతాయి.

హార్మోన్ల గురించి కూడా సగం నిజమే ప్రచారంలో ఉంది. మగవాళ్ల బట్టతల వెనక పురుష హార్మోన్లు ఉన్నాయని 1942లో జేమ్స్ హామిల్టన్ నిరూపించాడు. వృషణాల నుంచి హార్మోన్ అందని మగవాళ్లకు బట్టతల రావడం లేదని, హార్మోన్ ఇస్తే జన్యువుల్లో ఆ గుణం ఉన్నవారికి వస్తోందని ఆయన చూపించాడు. ఆడవాళ్లలో కథ ఇంత సూటిగా లేదు. పీసీఓఎస్ అనే అండాశయ హార్మోన్ల సమస్య ఉన్నవారిలో పురుష హార్మోన్లు పెరిగి జుట్టు పలచబడటం ఉంది. నెలసరి తప్పుతుంటే, గడ్డం మీదా పైపెదవి మీదా వెంట్రుకలు వస్తుంటే, మొటిమలు తగ్గకపోతే హార్మోన్ పరీక్షలు తప్పకుండా చేయించాలి. కానీ ప్యాటర్న్ హెయిర్ లాస్ ఉన్న ఆడవాళ్లలో ఎక్కువమందికి రక్తంలో హార్మోన్లు మామూలుగానే ఉంటాయి. పురుష హార్మోన్‌కు ఒళ్లు ఏమాత్రం స్పందించని అరుదైన జన్యు స్థితి ఉన్న ఒక మహిళకు కూడా ఇదే తీరులో జుట్టు పలచబడినట్టు వైద్య పత్రికలో నమోదైంది. పురుష హార్మోన్ ప్రభావం లేకుండా కూడా ఇది రాగలదని ఆ ఒక్క కేసు చాటింది. రిపోర్టులన్నీ నార్మల్ వచ్చాయి కాబట్టి 'ఏమీ లేదు, టెన్షన్ పడకండి' అని పంపించేయడం అందుకే తప్పు. వంశపారంపర్యం కూడా తల్లివైపు మాత్రమే చూసేది కాదు, తండ్రివైపు నుంచీ వస్తుంది. ఇంట్లో ఎవరికీ లేకపోయినా రావచ్చు.

వైద్యం విషయంలో గట్టి ఆధారం ఉన్నది మినాక్సిడిల్‌కే. మొదట అది బీపీ మాత్ర. వాడినవారికి ఒంటి మీద వెంట్రుకలు పెరగడం చూసి తలకు రాసే మందుగా మార్చారు. అమెరికాలో మగవాళ్లకు 1988లో, ఆడవాళ్లకు 2 శాతం ద్రావణంగా 1991లో అనుమతి వచ్చింది. 5 శాతం నురగ ఆడవాళ్లకు 2014లో గానీ రాలేదు. మొదటి కొన్ని వారాలు జుట్టు ఇంకా ఎక్కువ ఊడొచ్చు. పాత వెంట్రుకలు తప్పుకుని కొత్తవి రావడం వల్ల జరిగేది అది. ఈ సంగతి ముందే చెప్పని చోట చాలామంది నెలకే మానేస్తారు. ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది, ఆపేస్తే వచ్చింది కూడా పోతుంది. గర్భంతో ఉన్నవారు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. స్పైరనోలాక్టోన్, ఫినాస్టెరైడ్ లాంటి మాత్రలు కొందరికి ఇస్తారు గానీ, గర్భంలోని మగశిశువుకు హాని చేయగలవు కాబట్టి డాక్టర్ పర్యవేక్షణ, గర్భనిరోధం లేకుండా వాటి జోలికి పోకూడదు.

మందార నూనె, గుంటగలగరాకు నూనె, మెంతిపిండి జుట్టును మెత్తగా ఉంచుతాయి, చిక్కు తగ్గిస్తాయి, తల మర్దన హాయినిస్తుంది. అంతవరకు వాటిని సంతోషంగా వాడుకోవచ్చు. కుంచించుకుపోతున్న కుదురును వెనక్కి తెస్తాయని నమ్మి మూడేళ్లు గడిపేస్తేనే నష్టం, ఎందుకంటే ఈ సమస్యలో ఉన్న జుట్టును నిలబెట్టుకోవడం పోయినదాన్ని తెచ్చుకోవడం కంటే తేలిక. బయోటిన్ మాత్రల గురించి మాత్రం గట్టిగానే చెప్పాలి. బయోటిన్ లోపం చాలా అరుదు. ఎక్కువ మోతాదులో తీసుకుంటే రక్తపరీక్షలు కొన్ని తప్పు ఫలితాలు చూపుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. థైరాయిడ్ పరీక్ష, గుండెపోటును పట్టించే ట్రోపోనిన్ పరీక్ష కూడా వాటిలో ఉన్నాయి. జుట్టు ఊడుతోందని బయోటిన్ మింగి, అదే కారణంతో థైరాయిడ్ పరీక్షకు వెళ్లేవారు మన దగ్గర తక్కువేమీ కాదు. రక్తం ఇచ్చేముందు ఆ సంగతి డాక్టర్‌కి చెప్పాలి.

మళ్లీ లెక్కల దగ్గరికొస్తే, మన దేశంలో దీన్ని కొలవడం కష్టమేమీ కాదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో వేలిమీద పొడిచి హీమోగ్లోబిన్ చూశారు, ఎత్తూ బరువూ కొలిచారు, జుట్టు గురించి అడగలేదు. అడిగినా ఆ సర్వే 49 ఏళ్ల దగ్గర ఆగిపోతుంది. పైన చెప్పిన అధ్యయనాలను చూస్తే ఈ సమస్య ఎక్కువగా కనిపించేది ఆ తరవాతే. 45 ఏళ్లు పైబడినవారిని ఇంటింటికీ వెళ్లి పరీక్షించే లాసీ అనే జాతీయ సర్వే 2017-18లో మొదలైంది. అందులో సిబ్బంది బీపీ చూస్తారు, చేతి పట్టు బలం కొలుస్తారు. ఐదు పాపిట ఫొటోలున్న ఒక కార్డు వారి సంచీలో పెడితే ల్యాబు అక్కర్లేదు, సూది అక్కర్లేదు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో అరవై ఏళ్ల ఆడవాళ్లలో ఎందరి పాపిట ఎంత వెడల్పైందో చెప్పడానికి షాంఘై అంకెనో మేరీబరో అంకెనో అరువు తెచ్చుకునే అవసరం అప్పుడు ఉండదు.